ఫ్లూ జ్వరం తగ్గడం లేదు, డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మన దగ్గర ఫ్లూ ఏటా రెండు విడతలుగా వస్తుంది. వానలు ముదిరాక సెప్టెంబరు దాకా ఒకసారి, సంక్రాంతి చలిలో మొదలై మార్చి దాకా మరోసారి. వచ్చిన ప్రతిసారీ అవే సందేహాలు. "డోలో వేస్తే తగ్గుతోంది, మళ్లీ వస్తోంది, ఏం చేయాలి?" అన్నది వాటిలో మొదటిది. అందుకే వాటన్నిటినీ జ్వరం ఎన్నో రోజో చూసి ఒకచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. మనిషికి ఊపిరి అందకపోయినా, పెదాలు నీలంగా మారినా, పిలిస్తే సరిగ్గా పలకకపోయినా మాత్రం చదవడం ఆపి 108కి ఫోన్ చేయండి.

## మొదటి రెండు రోజులు

ఇది మామూలు జలుబా, ఫ్లూనా? ఎలా తెలుస్తుంది?

జలుబు మెల్లగా మొదలవుతుంది. ముక్కు కారడం, తుమ్ములు, కాస్త గొంతు గరగర. ఫ్లూ అలా కాదు, ఒక్క పూటలో మంచాన పడేస్తుంది. పొద్దున బాగానే పనికి వెళ్లిన మనిషి సాయంత్రానికి వణుకుతూ వచ్చి దుప్పటి కప్పుకుంటాడు. 102, 103 డిగ్రీల జ్వరం, ఒళ్లంతా కొట్టినట్టు నొప్పులు, తలనొప్పి, పొడి దగ్గు. వైరస్ ఒంట్లోకి చేరిన ఒకటి నుంచి నాలుగు రోజుల్లో ఇవి బయటపడతాయి. పిల్లల్లో వాంతులు, విరేచనాలు కూడా కావచ్చు.

థర్మామీటర్‌లో ఎంత ఉంటే జ్వరం అనాలి?

100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 38 సెల్సియస్, అంతకు మించితే జ్వరమే. చంకలో పెట్టి చూస్తే అసలు వేడి కంటే అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ తక్కువ చూపిస్తుంది. నుదుటి మీద చేయి వేసి "కాలిపోతోంది" అనుకోవడం ఎలాగూ చేస్తాం గానీ, డాక్టర్‌కి పనికొచ్చేది అంకే. డిజిటల్ థర్మామీటర్ ఇంట్లో ఒకటి ఉండాలి.

డోలో వేస్తే తగ్గుతోంది, నాలుగు గంటలకు మళ్లీ వస్తోంది. మందు పని చేయనట్టేనా?

పని చేస్తున్నట్టే. పారాసిటమాల్ వైరస్‌ను చంపదు, నాలుగు నుంచి ఆరు గంటల పాటు వేడిని, నొప్పిని తగ్గించి పెడుతుంది, అంతే. దాని ప్రభావం అయిపోగానే జ్వరం తిరిగి పైకి వస్తుంది. మొదటి మూడు రోజులు ఇలా జరగడం ఫ్లూలో మామూలే. జ్వరాన్ని 98.6కు దించి తీరాలనే పట్టుదల అక్కర్లేదు. మనిషి కాస్త కుదుటపడి నాలుగు ముద్దలు తిని, నీళ్లు తాగగలిగితే చాలు.

పెద్దవాళ్లు 650 మిల్లీగ్రాముల బిళ్ల వాడుతుంటే 24 గంటల్లో నాలుగుకు మించొద్దు. రెండు బిళ్లల మధ్య కనీసం నాలుగు గంటలు, వీలైతే ఆరు గంటలు ఎడం ఉండాలి. జలుబుకని విడిగా కొనే చాలా బిళ్లల్లో కూడా పారాసిటమాల్ కలిసే ఉంటుంది. అట్ట వెనక చదవకుండా రెండూ వేసుకుంటే మోతాదు మనకు తెలియకుండానే రెట్టింపవుతుంది. కాలేయ జబ్బు ఉన్నవాళ్లు, రోజూ మద్యం తాగే అలవాటున్నవాళ్లు ఎంత వాడాలో డాక్టర్‌నే అడగాలి.

పాపకు జ్వరం సిరప్ ఎంత పోయాలి?

వయసును బట్టి కాదు, బరువును బట్టి. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకు ఒకసారి, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. ఇక్కడ జరిగే పొరపాటు సీసా విషయంలో. ఒకే పేరుతో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములుండే సిరప్ ఉంటుంది, 250 ఉండేదీ ఉంటుంది. చుక్కల మందైతే ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉంటుంది. పది కిలోల పాపకు మొదటిది 5 మిల్లీలీటర్లు, రెండోది రెండున్నర, చుక్కలైతే ఒకటి నుంచి ఒకటిన్నర. పక్కింటివాళ్లు "ఒక మూత పోయండి" అంటే ఏ సీసా మూతో అడగండి. మూడు నెలలలోపు పసికందుకు జ్వరం వస్తే సిరప్ పోసి చూడటం కాదు, అదే రోజు డాక్టర్‌కి చూపించాలి.

పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. ఫ్లూలో ఆస్పిరిన్ పడితే కాలేయాన్ని, మెదడును దెబ్బతీసే రేస్ సిండ్రోమ్ వచ్చే ముప్పుంది. నిమెసులైడ్‌ను పన్నెండేళ్లలోపు పిల్లలకు వాడకుండా మన దేశంలో 2011లోనే నిషేధించారు. ఇంట్లో పాత సీసా ఏదైనా మిగిలి ఉంటే పారేయండి.

ఇప్పుడు డెంగీ కూడా తిరుగుతోంది. ఏ బిళ్ల వేసుకోవాలి?

వానాకాలంలో జ్వరమొస్తే, డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ ఒక్కటే. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వద్దు. అవి డెంగీలో రక్తస్రావానికి దారితీస్తాయి. "ఒళ్లు నొప్పులకు మంచిది ఇవ్వు" అని మందుల షాపులో అడిగితే చేతికి వచ్చేవి తరచుగా ఇవే, జాగ్రత్త. దగ్గు, గొంతునొప్పి, ముక్కు కారడం ఉంటే ఫ్లూ వైపు అనుమానం. దగ్గు లేకుండా కళ్ల వెనక నొప్పి, దద్దుర్లు, కీళ్ల నొప్పులుంటే డెంగీ వైపు. లక్షణాలతో తేల్చడం కష్టమే కాబట్టి డాక్టర్లు మొదటి ఐదు రోజుల్లో డెంగీని పట్టే ఎన్‌ఎస్‌1 రక్త పరీక్ష రాస్తారు.

జ్వరంలో అన్నం పెట్టొచ్చా? స్నానం?

రెండూ చేయొచ్చు. లంఖణం పరమౌషధం అన్న మాట పట్టుకుని పిల్లల్ని, ముసలివాళ్లను పస్తు పెట్టకండి. తినబుద్ధి కాకపోతే బలవంతం వద్దు గానీ గంజి, రాగి జావ, మజ్జిగ, కొబ్బరినీళ్లు, పప్పుచారు అన్నం, ఏది సహిస్తే అది. వాంతులు, విరేచనాలుంటే ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో, సాధారణంగా లీటరులో, మొత్తం ఒకేసారి కలపాలి. వేడి ఎక్కువున్నప్పుడు గోరువెచ్చని నీళ్ల గుడ్డతో తుడవొచ్చు. ఐసు నీళ్లు వద్దు, వణుకు పుట్టి లోపలి వేడి పెరుగుతుంది. పసిపిల్లలకు గిన్నెతో ఆవిరి పట్టడం మానేయండి. మరిగే నీళ్లు ఒలికి ఒళ్లు కాలడం ఫ్లూ కంటే పెద్ద ప్రమాదం.

మొదటి రోజే డాక్టర్‌కి చూపించుకోవాల్సింది ఎవరు?

గర్భిణులు, 65 ఏళ్లు దాటినవాళ్లు, ఐదేళ్లలోపు పిల్లలు, వారిలోనూ రెండేళ్లు నిండనివాళ్లు ముఖ్యంగా. షుగర్, ఆస్తమా, గుండె, కిడ్నీ, కాలేయ జబ్బులున్నవాళ్లు. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లు. వీళ్లు మూడు రోజులు ఆగి చూద్దాం అనుకోకూడదు.

కారణం ఒసెల్టామివిర్ అనే మందు. పెద్దవాళ్లకు 75 మిల్లీగ్రాముల గొట్టం మాత్ర రోజుకు రెండు చొప్పున ఐదు రోజులు ఇస్తారు. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు పడితే బాగా పని చేస్తుంది. కేంద్ర ఆరోగ్య శాఖ హెచ్1ఎన్1 (స్వైన్ ఫ్లూ) మార్గదర్శకాలు రోగుల్ని ఏ, బీ, సీ అని మూడు తరగతులు చేశాయి. తేలికపాటి జ్వరం, దగ్గు మాత్రమే ఉన్న 'ఏ' వాళ్లకు ఈ మందూ అక్కర్లేదు, పరీక్షా అక్కర్లేదు. ముప్పు ఎక్కువున్నవాళ్లు 'బీ'లోకి వస్తారు, వాళ్లకు పరీక్ష ఫలితం కోసం ఆగకుండా మందు మొదలుపెట్టొచ్చు. గర్భిణులకు కూడా ఇస్తారు, గర్భంలో ఫ్లూ ముదరడమే అసలు ప్రమాదం. ఇది డాక్టర్ చీటీతో మాత్రమే కొనాల్సిన మందు, ముందుజాగ్రత్తగా ఇంట్లో దాచుకునేది కాదు.

నాన్నకు షుగర్ ఉంది. తిండి తినడం లేదు, మాత్రలు ఆపేయమంటారా?

సొంతంగా ఆపొద్దు, ఫోన్ చేసి అడగండి. జ్వరంలో తిండి తగ్గినా షుగర్ పెరగొచ్చు, అందుకే ఇన్సులిన్ మానేయకూడదు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలను మాత్రం తినలేని రోజుల్లో డాక్టర్లు తాత్కాలికంగా ఆపిస్తారు. ఆయన వాడే మాత్రల పేర్లు దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి. రోజుకు మూడు నాలుగుసార్లు గ్లూకోమీటర్‌తో చూడండి.

## మూడో రోజు, నాలుగో రోజు

మూడు రోజులైంది, ఇంకా 102 వస్తోంది. భయపడాలా?

మూడో రోజు 102 ఉండటం ఒక్కటే భయపడాల్సిన విషయం కాదు. ఫ్లూ జ్వరం సాధారణంగా మూడు నాలుగు రోజులుంటుంది, కొందరికి ఐదు రోజులు పడుతుంది. అంకె కంటే అది ఎటు పోతోందో చూడండి. ఒక కాగితం మీద టైము, ఎంత జ్వరం, బిళ్ల ఎప్పుడు వేశారు అని మూడు గడులు గీసి రాయండి. మొదటి రోజు 103, మూడో రోజు 101.5, బిళ్ల వేశాక జ్వరం లేకుండా గడిచే సమయం పెరుగుతోంది అంటే దారిలో పడినట్టే. ఈ కాగితం తీసుకొచ్చిన రోగిని చూడటం డాక్టర్‌కి ఎంత సులువో చెప్పలేం. "మూడు రోజుల్నించి ఒకటే జ్వరమండీ" అంటే దేన్నీ తేల్చలేరు.

ఇంకొకటి, బిళ్ల వేశాక జ్వరం దిగిన ఆ రెండు మూడు గంటల్లో మనిషి ఎలా ఉన్నాడు? పాప లేచి ఆడుకుంటోందా, నాన్న పేపరు అడుగుతున్నారా? అయితే ఇంకో రోజు చూడొచ్చు. జ్వరం దిగినా కళ్లు తెరవలేకపోతుంటే అది మూడో రోజా రెండో రోజా అని లెక్కపెట్టకుండా తీసుకెళ్లాలి. నాలుగో రోజు కూడా మొదటి రోజు లాగే ఉంటే, ఏ ఇతర జబ్బూ లేని ఆరోగ్యవంతులైనా సరే, చూపించుకోవాల్సిందే.

అజిత్రోమైసిన్ వేసుకుంటే త్వరగా తగ్గదా?

తగ్గదు. ఫ్లూ వైరస్ వల్ల వచ్చేది, యాంటీబయాటిక్ బ్యాక్టీరియాను చంపేది. మూడో రోజు మొదలుపెడితే ఐదో రోజుకు జ్వరం పోతుంది నిజమే, కానీ అది వేసుకోకపోయినా పోయేదే. అందుకే ఈ నమ్మకం ఇంత గట్టిగా పాతుకుపోయింది. 2023 మార్చిలో హెచ్3ఎన్2 రకం ఫ్లూ ఎక్కువైనప్పుడు ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కూడా ఇలాంటి జ్వరాలకు యాంటీబయాటిక్స్ వాడొద్దని చెప్పింది. ఫ్లూ మీద బ్యాక్టీరియా న్యుమోనియా చేరిందని డాక్టర్‌కి అనిపిస్తే అప్పుడు రాస్తారు, అది వేరే సంగతి.

ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక సూది వేస్తే పూటలో తగ్గిపోతుంది కదా?

పూటలో తగ్గించేది ఆ సూదిలో ఏముందో అడిగారా? చాలాసార్లు అది డైక్లోఫెనాక్, లేదంటే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. స్టెరాయిడ్ జ్వరాన్ని అణిచేస్తుంది, వైరస్‌ను కాదు. మనిషి లేచి తిరుగుతాడు, లోపల జబ్బు తన పని తాను చేసుకుంటుంది. ఊపిరితిత్తుల్లో న్యుమోనియా మొదలైనా జ్వరం కనపడదు కాబట్టి రెండు మూడు రోజులు ఆలస్యంగా బయటపడుతుంది. షుగర్ ఉన్నవాళ్లలో ఒక్క స్టెరాయిడ్ సూదితోనే షుగర్ అమాంతం పైకి పోతుంది. ఇప్పటికే వేయించుకుని ఉంటే ఆ మాట డాక్టర్ దగ్గర దాచకండి. ఎవరు వేశారన్నది ముఖ్యం కాదు, ఏం వేశారన్నది కావాలి.

గ్లూకోజు ఎక్కించుకోవడం కూడా అంతే. నోటితో తాగగలిగిన మనిషికి సెలైన్ సీసా అదనంగా చేసేదేమీ లేదు. తాగింది తాగినట్టు కక్కేస్తుంటే మాత్రం అవసరం, అప్పుడది ఆసుపత్రిలోనే జరగాలి.

రక్త పరీక్షలో టైఫాయిడ్ వచ్చిందన్నారు. ఫ్లూ కాదా మరి?

విడాల్ పరీక్షే అయితే అంత తొందరపడి నమ్మొద్దు. జ్వరం మొదటి వారంలో అది నమ్మదగ్గది కాదు. గతంలో టైఫాయిడ్ వచ్చిపోయినవాళ్లలో, టీకా వేసుకున్నవాళ్లలో, వేరే జ్వరాల్లో కూడా పాజిటివ్ చూపించొచ్చు. దగ్గు, గొంతునొప్పితో మొదలైన మూడు రోజుల జ్వరానికి విడాల్ చేయించి పది రోజుల యాంటీబయాటిక్ కోర్సు పట్టుకోవడం మన రెండు రాష్ట్రాల్లో పాత కథే. టైఫాయిడ్‌ను గట్టిగా తేల్చేది బ్లడ్ కల్చర్ (రక్తంలో బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష), అదీ యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందు తీస్తే.

స్వైన్ ఫ్లూ పరీక్ష చేయించాలా?

దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు 2009 మేలో హైదరాబాద్‌లోనే బయటపడింది, ఆ పేరు వినగానే మనకు గుండె జారడం సహజం. ఆనాటి హెచ్1ఎన్1 ఇప్పుడు ఏటా తిరిగే ఫ్లూలలో ఒకటైపోయింది. తేలికగా ఉన్నవాళ్లకు పరీక్ష వల్ల చికిత్స మారదు. ఆసుపత్రిలో చేరాల్సినంత తీవ్రంగా ఉంటే ముక్కు, గొంతు నుంచి నమూనా తీసి ఆర్‌టీపీసీఆర్ చేస్తారు.

## తగ్గి మళ్లీ వచ్చినప్పుడు, ఐదు రోజులు దాటినప్పుడు

రెండు రోజులు జ్వరం లేదు, బాగానే తిరిగాడు. మళ్లీ 102 వచ్చింది. ఎందుకు?

అస్సలు తేలిగ్గా తీసుకోకూడనిది ఇదే. ఫ్లూ తగ్గుముఖం పట్టి, ఒకటి రెండు రోజులు ఊరట ఇచ్చి, మళ్లీ జ్వరం పైకి లేస్తే బ్యాక్టీరియా చేరిందని అనుమానించాలి. ఫ్లూ వైరస్ శ్వాసనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. ఆ దెబ్బతిన్న చోట న్యూమోకాకస్, స్టెఫిలోకాకస్ లాంటి బ్యాక్టీరియా పాగా వేసి న్యుమోనియా తెస్తాయి. దగ్గు ఎక్కువవడం, పసుపు, ఆకుపచ్చ లేదా తుప్పు రంగు కళ్లె, ఊపిరి పీల్చినప్పుడు ఒక పక్క పొడిచినట్టు నొప్పి దాని గుర్తులు. పిల్లల్లో చెవి పోటుగా రావొచ్చు.

ఇప్పుడు ఇంట్లో మిగిలిన పాత మాత్రలతో నెట్టుకురావడం కుదరదు. అదే రోజు చూపించాలి. ఛాతీ ఎక్స్‌రే, రక్త పరీక్ష అవసరమవుతాయి, యాంటీబయాటిక్‌కు అసలైన సమయం కూడా ఇదే.

వారం దాటింది, జ్వరం పోవడం లేదు. ఫ్లూ ఇన్ని రోజులుంటుందా?

దగ్గు, నీరసం ఉంటాయి, జ్వరం ఉండదు. వారం దాటిన జ్వరాన్ని ఫ్లూ ఖాతాలో వేయడం మానేసి వేరే కారణం వెతకాలి. టైఫాయిడ్, మలేరియా, టీబీ, మూత్రంలో ఇన్ఫెక్షన్. పాడేరు లాంటి ఏజెన్సీ ప్రాంతాలకు వెళ్లొచ్చి ఉంటే ఆ మాట మొదటే చెప్పండి, మలేరియా పరీక్ష ముందుకు వస్తుంది. పొలాల్లో, పొదల్లో తిరిగేవాళ్లకు స్క్రబ్ టైఫస్ రావొచ్చు. చిన్న నల్లి లాంటి పురుగు కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు ఉంటుంది, చంకల్లో, గజ్జల్లో, నడుము దగ్గర వెతకాలి. నొప్పి పెట్టదు కాబట్టి రోగికే తెలియదు. డాక్సీసైక్లిన్‌తో బాగా తగ్గే జబ్బు, గుర్తించకపోతే ప్రాణాల మీదికి తెస్తుంది.

జ్వరం తగ్గింది గానీ మనిషి మరీ వాడిపోయింది. తగ్గినట్టేనా?

కాదేమో. డెంగీలో అసలు ప్రమాద ఘడియ జ్వరం దిగాకే మొదలవుతుంది, మామూలుగా మూడు నుంచి ఏడో రోజు మధ్య. కడుపులో గట్టి నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చేతులు కాళ్లు చల్లబడటం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి. ముసలివాళ్లలో ఇంకో తిరకాసు ఉంది. వాళ్లకు ఫ్లూ ముదిరినా జ్వరం పెద్దగా రాకపోవచ్చు. అన్నం మానేయడం, పొంతన లేని మాటలు, నడుస్తూ తూలిపడటం, ఇవే లక్షణాలు. "నాయనమ్మకు జ్వరం లేదుగా" అని వదిలేయకండి.

## ఆగకుండా ఆసుపత్రికి

పెద్దవాళ్లలో ఏ గుర్తులు కనిపిస్తే వెంటనే వెళ్లాలి?

ఎన్నో రోజన్నది లెక్కలోకి రాదు. నాలుగు మాటలు కలిపి మాట్లాడలేనంత ఆయాసం, ఛాతీలో నొప్పి లేదా బరువు, దగ్గులో రక్తం, పెదాలు గోళ్లు నీలంగా మారడం, మత్తు, తికమక, ఫిట్స్, నిలబడితే కళ్లు తిరిగి పడిపోవడం, మూత్రం రాకపోవడం. గుండె జబ్బు ఉన్నవాళ్లు ఛాతీ నొప్పిని దగ్గు వల్ల వచ్చిన నొప్పి అని సరిపెట్టుకోకూడదు, ఫ్లూ వచ్చిన వారంలో గుండెపోటు ముప్పు పెరుగుతుంది.

పిల్లల్లో?

ఊపిరి వేగం చూడండి. పాప నిద్రలోనో, ఏడవకుండా ఉన్నప్పుడో, పొట్ట పైకి లేవడాన్ని నిమిషం పాటు లెక్కపెట్టాలి. రెండు నెలలలోపు 60, రెండు నుంచి పన్నెండు నెలల మధ్య 50, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా 40, అంత గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే న్యుమోనియా అనుమానమే. ఊపిరి తీసినప్పుడు డొక్కలు ఎగరేయడం, పక్కటెముకల కింద చర్మం లోపలికి లాక్కుపోవడం ఇంకా ప్రమాదకరం. పాలు తాగకపోవడం, ఎనిమిది గంటలుగా ఉచ్చ పోయకపోవడం, ఏడిస్తే కన్నీళ్లు రాకపోవడం, ఎంత లేపినా లేవకపోవడం, మందు వేసినా 104 కంటే కిందికి దిగని జ్వరం. వీటిలో ఒక్కటున్నా చాలు, బయలుదేరాలి. పిక్కలు నొప్పి అని నడవనంటే చాలావరకు తగ్గిపోయేదే గానీ, మూత్రం కాఫీ రంగులో వస్తే వెంటనే చూపించాలి.

జ్వరంలో బాబుకు ఫిట్స్ వచ్చింది. ఏం చేయాలి?

ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, బట్టలు వదులు చేయండి, గడియారం చూడండి. నోట్లో చెంచా, వేలు, నీళ్లు ఏవీ పెట్టొద్దు. చేతిలో తాళాలు పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టడం వల్ల ఉపయోగం లేదు, పోయేది సమయమే. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో జ్వరపు ఫిట్స్ చాలావరకు కొద్ది నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి. ఐదు నిమిషాలు దాటితే 108. మొదటిసారి వచ్చిందైతే, ఆగిపోయినా సరే, ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి.

కరోనా అప్పుడు కొన్న ఆక్సీమీటర్ ఉంది. దానిలో ఎంతుంటే వెళ్లాలి?

94 గానీ అంతకన్నా తక్కువ గానీ నిలకడగా చూపిస్తే డాక్టర్‌కి చూపించాలి, 90 దగ్గరికి వచ్చిందంటే అంబులెన్సే. వేలు చల్లగా ఉన్నా, గోళ్ల రంగు ఉన్నా, బ్యాటరీ అయిపోవచ్చినా తప్పు చూపిస్తుంది. వేలు రుద్ది వెచ్చబరిచి, నిమిషం ఆగి, మళ్లీ చూడండి. 97 ఉన్నా మనిషి ఆయాసపడుతుంటే నమ్మాల్సింది మనిషిని, మీటర్‌ని కాదు.

అర్ధరాత్రి ఎక్కడికి తీసుకెళ్లాలి?

ఆక్సిజన్, ఎక్స్‌రే, రాత్రి డ్యూటీ డాక్టర్, ఈ మూడూ ఉన్న దగ్గరి ఆసుపత్రికి. బయలుదేరే ముందు ఒక ఫోన్ చేసి కనుక్కుంటే రెండు ఆసుపత్రులు తిరిగే పని తప్పుతుంది. ఆయాసం ఉంటే బైకు మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్లొద్దు, 108లో ఆక్సిజన్ ఉంటుంది. హైదరాబాద్‌లో గాంధీ ఆసుపత్రి, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి ఇలాంటి కేసులు చూసే ప్రభుత్వ ఆసుపత్రులే. పాత చీటీలు, వాడుతున్న మందుల అట్టలు సంచిలో వేసుకోండి.

అమ్మానాన్న డిసెంబరులో మా దగ్గరికి అమెరికా వచ్చారు. ఇద్దరికీ ఫ్లూ. ఇండియా నుంచి తెచ్చిన మందులు వాడొచ్చా?

డోలో వాడొచ్చు. కానీ అక్కడి టైలెనాల్‌లో ఉండేదీ పారాసిటమాలే, అసిటామినోఫెన్ అని రాసి ఉంటుంది. వేరే మందనుకుని రెండూ వేస్తున్నారేమో చూడండి, జలుబుకు వాడే డేక్విల్, నైక్విల్‌లో కూడా అదే ఉంది. వయసు 65 దాటితే మొదటి రెండు రోజుల్లోనే అర్జెంట్ కేర్‌కు తీసుకెళ్లి ట్యామిఫ్లూ (ఒసెల్టామివిర్) సంగతి అడగండి. ఎమర్జెన్సీకి వెళ్లడం కంటే బిల్లు చాలా తక్కువ. ఆయాసం, తికమక ఉంటే బిల్లు లెక్కలు పక్కనపెట్టి 911.

## తగ్గాక

స్కూలుకు, ఆఫీసుకు ఎప్పుడు వెళ్లొచ్చు?

జ్వరం బిళ్ల వేయకుండానే 24 గంటలు జ్వరం లేకుండా గడిచాక. పొద్దున సిరప్ పోసి స్కూలు బస్సెక్కిస్తే మధ్యాహ్నానికి జ్వరం వస్తుంది, ఈలోగా బస్సంతా అంటుతుంది. లక్షణాలకు ఒక రోజు ముందు నుంచి, ఆ తర్వాత ఐదు నుంచి ఏడు రోజుల దాకా ఫ్లూ ఇతరులకు అంటగలదు. పాలిచ్చే తల్లి మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని పాలు ఇవ్వొచ్చు, మానాల్సిన పనిలేదు.

జ్వరం పోయి పది రోజులైంది, దగ్గు మాత్రం వదలడం లేదు.

రెండు మూడు వారాలు ఉండొచ్చు. పొడి దగ్గు రోజురోజుకీ పలచబడుతుంటే యాంటీబయాటిక్ అక్కర్లేదు. రెండు వారాలు దాటినా తగ్గే దారిలో లేకపోతే, బరువు తగ్గుతుంటే, సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతుంటే కళ్లె పరీక్ష చేయించుకోండి. టీబీ పరీక్ష, మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

ఒకసారి వచ్చింది కదా, ఇక టీకా ఎందుకు?

వచ్చింది ఒక రకం ఫ్లూ, వచ్చే ఏడాది తిరిగేది వేరేది కావొచ్చు. వైరస్ మారుతూ ఉంటుంది కాబట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు టీకా కూర్పును సూచిస్తుంది, అందుకే ఏటా వేయించుకోవాలి. ముప్పు ఎక్కువున్నవాళ్లకు, గర్భిణులకు, ఆరు నెలలు నిండిన పిల్లలకు దీని వల్ల లాభం ఎక్కువ. పిల్లలకు టీకా మొదటిసారి వేయించే ఏడాది నెల ఎడంతో రెండు డోసులు వేస్తారు. మన దగ్గర వానలకు ముందు, మే, జూన్‌లో వేయించుకుంటే మంచిది, రోగనిరోధకత రావడానికి రెండు వారాలు పడుతుంది. టీకా వేసుకున్నా ఫ్లూ రావొచ్చు, ఐసీయూ దాకా వెళ్లే అవకాశం మాత్రం తగ్గుతుంది.